వంటకొచ్చినామె

పోయిన నెల ఒక ఆదివారం పళ్ళిపట్టు నుంచి మద్రాసుకు తిరిగి వస్తూ, తిరువళ్ళూరు బైపాసు మీద కొత్తగా పెట్టిన ఒక హోటల్లో ఆగాం. మా చిన్నాన్న మనవరాలికి చెవులు కుట్టే వేడుకకు పోయి వస్తున్నాం. కారు నడిపేది మా అన్న కూతురు హారిణి. పక్క సీట్లో మా అన్న దామోదరం, వెనక నేను, నా పక్కన చుట్టాలు కట్టిచ్చిన పూలూ పండ్లూ. వదిన మోకాళ్ళ నొప్పులని రాలేదు. వేడుక ఇంట్లో పంక్తి లేచేసరికి ఆలస్యమయ్యేట్టుందని అన్న మమ్మల్ని తిననీయకుండానే బయల్దేరదీశాడు. రిటైరయినా ఆయనకు ఆఫీసు తొందర పోలేదు. తిరుత్తణి దాటేసరికి హారిణికి ఆకలి ఆగలేదు. "ఈడ ఒకటి కొత్తగా పెట్టినారు అత్తా, మా ఆఫీసులో అందురూ వచ్చి పోయినారు" అంటూ కారు పక్కకు తిప్పింది.

లోపలికి పోతే పాటల మోతకు చెవులు గింగురుమన్నాయి. పైన తాటాకు పందిరి, దాని కింద ఏసీ. గోడల నిండా వేలాడదీసిన మట్టి ముంతలు, వాటిలో పసుపు రంగు దీపాలు. చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే పిల్లలు ఒక పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని అరుచుకుంటూ నవ్వుకుంటూ తింటున్నారు. పక్క బల్ల మీద ఎవరిదో పుట్టినరోజు. "ఈడ సాపాటు ఉండదత్తా. అన్నీ చిన్న చిన్న ప్లేట్లే. పది రకాలు తెప్పించుకోని అందరం పంచుకోని తినేదే" అని హారిణి నాకు పద్ధతి నేర్పింది. నల్లచొక్కా సర్వరు ఒక్కొక్కటే తెచ్చి పెట్టసాగాడు. కౌజుపిట్ట వేపుడు, చేతివేలంత చేపలు, గుడ్డు మిరియాలు, కారం పట్టించిన మామిడి ముక్కలు, ఉడికించిన అలసందలు. పిడికెడు పిడికెడు, దేనికది వేరే పళ్ళెంలో. ఒకరి చేతి మీదుగా ఇంకొకరి చెయ్యి పోతూ, ఒకరు సగం కొరికింది ఇంకొకరు రుచి చూస్తూ, అందరికీ అన్నీ కావాలన్న ఆరాటం. నాకు ఆ సందడి కొత్త కాదు. ఇవే గుడ్లూ, ఇవే అలసందలూ, ఇదే నవ్వు. అయితే ఆ సంగతి అక్కడ తెలిసింది ఇద్దరికే, నాకూ మా అన్నకూ.

చివరికి చిన్న ఇనుప మూకుట్లో బోటి వేపుడు వచ్చింది. కల్లంగడి బోటి అని దాని పేరు. హారిణికి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. మెనూలో ఆ పేరు తమిళంలో చదివి నవ్వి, రెండు ప్లేట్లు చెప్పింది. అన్న ఒక ముక్క నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, ఇంకో ముక్క తీసుకున్నాడు. "మిరియాలు దంచెయ్యలా. మిషన్లో ఆడిచ్చిన పొడి ఏసినారు. బోటి గూడా తిరగేసి కడగలా" అన్నాడు.

"నీకెట్ల తెలుసప్పా? అమ్మ బోటిని ఇంట్లోకే రానీదు గదా?"

"చిన్నప్పుడు ఊర్లో తిన్నాంలే."

ఎవరు చేసి పెడితే తిన్నాడో చెప్పలేదు. నా ముఖం కూడా చూడలేదు. ఆ తర్వాత ఆ బల్ల మీదికి ఏమేమి వచ్చాయో నాకు గుర్తులేదు.

మిరియాలు దంచి వేసే ఆ మనిషి పేరు చెంగమ్మ. మా అమ్మకు సొంత అక్క, మాకు పెద్దమ్మ. మొగుడు ఇంకొకామెను ఇంటికి తెచ్చుకుంటే, ఒక ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి మా ఇంటికి వచ్చేసిందట. పిల్లలు లేరు. నేను మూడో తరగతిలో ఉండగా మా నాయన పోయాడు. ఆయన మగ్గం మీద కూలికి లుంగీలు నేసేవాడు. ఆ వీధిలో అందరి బతుకూ అదే. మా అమ్మ కండెలకు నూలు చుట్టేది, కానీ ఆమెకు ఆయాసం. పది కండెలు చుడితే గోడకు ఆనుకుని కూర్చునేది. కాబట్టి మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే, అన్న తిరుత్తణి కాలేజీకి బస్సులో పోయాడంటే, నాకు రెండు జతల బట్టలుండినాయంటే, అదంతా పెద్దమ్మ రెక్కల కష్టం. ఆమె కల్లంగడి పక్కన తినే సామాన్లు అమ్మేది.

మా ఊరు తమిళనాడులో, కల్లంగడి ఆంధ్రాలో. రెంటికీ నడుమ ఒక చెరుకుతోట. ఇవతల సర్కారు కల్లు వద్దన్న రోజుల్లో మగవాళ్ళంతా తోట గెనాల మీద నడిచి అవతలి తాటితోపులోకి పోయేవాళ్ళు. అంగడికి పది అడుగుల దూరంలో, కొట్టంలాంటి నీడలో, పెద్దమ్మ రెండు పొయ్యిలు పెట్టుకుని కూర్చునేది. ఆమె ముందు ఆరు సత్తు గిన్నెలు వరసగా ఉండేవి. ఒకదాంట్లో బోటి, ఒకదాంట్లో ఈరలు అనే కార్జం ముక్కలు, ఒకదాంట్లో చెరువు చేపలు, తర్వాత అలసంద గుగ్గిళ్ళు, ఉడికించిన గుడ్లు, కాయల కాలమైతే మామిడి ముక్కలు. ఎవరు ఏది అడిగినా గరిటెడు తీసి మోదుగాకు దొన్నెలో పెట్టి ఇచ్చేది. బడి నుంచి రాగానే ఆ దొన్నెలు కుట్టడం నా పని. చీపురుపుల్ల చిన్నగా విరిచి, ఆకు మడిచి, మూలల్లో గుచ్చాలి. గట్టిగా గుచ్చితే ఆకు చీలుతుంది, వదులుగా గుచ్చితే పులుసు కారుతుంది. రోజుకు నూరు కుట్టేదాన్ని. ఇప్పటికీ ఏదైనా కాగితం చేతికొస్తే నా వేళ్ళు దాన్ని మడవాలని చూస్తాయి.

తెల్లవారి మొదటి బస్సుకు ఆమె పళ్ళిపట్టు మాంసం కొట్టుకు పోయి, మూత పెట్టిన బకెట్లో బోటి తెచ్చేది. ఇంటి వెనక బావి దగ్గర గోనెసంచి పరుచుకుని కూర్చునేది. ముందు సున్నపు నీళ్ళలో వేసి, తర్వాత వేడినీళ్ళు పోసి గీకి, సన్నటి పేగులను నున్నగా చెక్కిన ఒక పుల్లకు తొడిగి లోపలిది బయటికి తిరగేసి, ఏడు నీళ్ళు కడిగేది. ఆ వాసన ఎట్లా ఉంటుందో చెప్తే ఈ పేజీ ఇంకెవరూ చదవరు. వీధిలో మగ్గాల టకటక మొదలయ్యే వేళకు వాసన పోయి, వాన పడ్డ రాయి మాదిరి చల్లటి తేమ వాసన ఒక్కటి మిగిలేది. అప్పుడు మిరియాలు రోట్లో వేసి దంచేది. అవి దంచే వేళ ఇంట్లో అందరికీ తుమ్ములు. బోటి పొయ్యి మీద ఉడికి దగ్గరపడగానే, తోపుకు మోసుకుపోయే ముందు, మొదటి గరిటె ఒక గిన్నెలో తీసి మూతపెట్టి ఉట్టి మీద పెట్టేది. అది అన్నకు. కాలేజీ నుంచి వచ్చి అన్నంలో కలుపుకుంటాడని. ఒక్కరోజు కూడా ఆ గరిటె తప్పలేదు. నాకు పెట్టిందా అంటే, మిగిలితే పెట్టేది. ఆ తేడా నేను అప్పుడే గమనించాను. ఇప్పటికీ మరిచిపోలేదు.

తోపులో ఆమె పద్ధతే వేరు. కల్లు వాసన పడదని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది గానీ తాగే మనుషులను ఒక్క మాట అనేది కాదు. ఏదీ తను రుచి చూసేది కాదు. మొదట వచ్చినవాడి చేతిలో దొన్నె పెట్టి "ఉప్పు చూసి చెప్పు నాయనా" అనేది. మగ్గం మనుషులు, చెరుకు కొట్టేవాళ్ళు, ఎడ్లు తోలుకునేవాళ్ళు తాటిచెట్ల కింద గుంపులుగా కూర్చుని నలుగురు నాలుగు రకాలు తీసుకుని నడుమ పెట్టుకునేవాళ్ళు. ఎవడి దొన్నెలోంచి ఎవడు తింటున్నాడో లెక్క ఉండేది కాదు. పాటలు, ఎగతాళి, ఒక్కోసారి కొట్లాట. ఎవడైనా రెండోసారి దొన్నె చాపితే ఆమె వాడి ముఖం చూసేది. "పొద్దన అన్నం తిన్నావా లేదా? ఇంటికి పోయి తినిరా, అప్పుడిస్తా" అని కొందరిని పంపేసేది. వాళ్ళు గొణుక్కుంటూ పోయేవాళ్ళు.

పొద్దు వాలకముందే గిన్నెలు కడుక్కుని ఇంటికి వచ్చేది. వచ్చీ రాగానే లోపలికి అడుగు పెట్టకూడదు. బావి దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకుని, ఆ చీర బయటి గోడకున్న మేకుకు తగిలించి, ఉతికిన చీర కట్టుకుని రావాలి. ఆ నియమం పెట్టింది మా అమ్మ. అక్క తెచ్చిందే తింటూ, అక్క బట్ట మాత్రం గడప దాటకూడదంది. పెద్దమ్మ ఎదురు చెప్పలేదు. వానాకాలం, చలికాలం, జ్వరమొచ్చినా సరే, అట్లాగే చేసింది. మా అమ్మను నేను పెద్దగా తప్పుపట్టను. ఆమెకు వీధి భయం. వీధిలో అందరి మగవాళ్ళూ పెద్దమ్మ చేతి దొన్నె తిన్నవాళ్ళే. అయినా ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర ఆమెకు రెండడుగులు దూరంగా నిలబడేవాళ్ళు.

అన్న పదో తరగతి తర్వాత తోపు వైపు రావడం మానుకున్నాడు. కాలేజీ స్నేహితులు ఇంటికి వస్తామంటే ఏదో ఒక సాకు చెప్పేవాడు. డిగ్రీ అయ్యి, పరీక్ష రాసి, సర్కారు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. మా వీధిలో మొదటి సర్కారు ఉద్యోగం. ఏడాది తిరక్కుండానే తిరుత్తణి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి బడిపంతులు. పిల్ల చదువుకుంది. ఫలానా రోజు ఇల్లు చూడ్డానికి వస్తామని కబురు పెట్టారు.

అన్న ఆ మాట పెద్దమ్మతో తను చెప్పలేదు. నన్ను పెరట్లోకి పిలిచాడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. "నువ్వు చెప్పు సులోచనా. నాకు నోరు రాదు. పెండ్లి అయ్యేదాకా అంగడి మూసేస్తే సాలు" అన్నాడు. నేను పోయి చెప్పాను. పెద్దమ్మ గిన్నె తోముతూ ఉంది. చెయ్యి ఆపలేదు.

"వాడే చెప్పమన్నాడా?"

"ఊ."

"యాడ ఉండాడు వాడు?"

"పెరట్లో."

"పెరడు యాడో దూరం ఉన్నట్టు నిన్ను పంపినాడా? సరేలే. మూసేస్తానని చెప్పుపో."

మరుసటి రోజు తోపుకు పోలేదు. ఇన్నేళ్ళలో ఆమె పగటిపూట ఇంట్లో ఉండడం నేను చూసింది అప్పుడే. ఏం చెయ్యాలో తోచక నా దొన్నెలన్నీ విప్పి ఆకులు వేరుగా, పుల్లలు వేరుగా పెట్టింది.

పంతులుగారు వాళ్ళు ఐదుగురు వచ్చారు. వంటంతా పెద్దమ్మదే. వంకాయ పులుసు, మిరియాలు వేసిన అలసంద వడలు, సేమ్యా పాయసం. ఆమె వంటింట్లోనే ఉంటుందనీ, అందరూ తినిపోయాక బయటికి వస్తుందనీ అమ్మ ముందే అనుకుంది. పెద్దమ్మకూ అదే సర్దుబాటుగా ఉంది. కానీ పంతులుగారికి వడలు నచ్చాయి. ఇంకో రెండు అడిగాడు. నేను మజ్జిగ పోస్తూ ఉన్నాను. పెద్దమ్మ నూనెలోంచి తీసిన వడలు ఆరిపోతాయని తనే పళ్ళెంతో వాకిట్లోకి వచ్చి ఆయన ఆకులో వేసింది. ఆయన తలెత్తి చూసి, "ఈమె ఎవురమ్మా?" అని అడిగాడు. అడిగింది నన్ను. ఆయనకు దగ్గరగా నిలబడింది నేను గనక.

అన్న ఎదురుగా కూర్చుని ఆకు వైపు చూస్తున్నాడు. అమ్మ తలుపు వెనక ఉంది. పెద్దమ్మ కూడా నా వైపు చూసింది. ఏమి చెబుతానో వినాలన్నట్టు, కళ్ళు కొంచెం పెద్దవి చేసుకుని చూసింది. నాకు ఎవరూ ఏమీ నేర్పి పెట్టలేదు. అంగడి సంగతి దాచాలన్నారు గానీ పెద్దమ్మను దాచాలని ఎవరూ అనలేదు. మా పెద్దమ్మ అంటే సరిపోయేది. ఆ ముక్కతో ఏ అంగడీ బయటపడేది కాదు. నేను మాత్రం, "వంటకొచ్చినామె" అన్నాను.

"ఓహో. ఏమ్మా, చెయ్యి శానా బాగుండాది. పెండ్లికి గూడా నువ్వే రావాల" అన్నాడు ఆయన. మంచి మనిషి. భోజనమయ్యాక తాంబూలంలో రవిక గుడ్డ పెట్టి, పిలిచి ఇచ్చాడు. పెద్దమ్మ రెండు చేతులా తీసుకుని "మంచిది సామీ" అంది. కారం నూరే రాయిని చూసినట్టు అన్నను ఒకసారి చూసి లోపలికి పోయింది. అన్న ఆకు మడిచి లేచాడు. వాళ్ళు పోయాక ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే సరిచేసుకోవడానికి, పెళ్ళికి ఇంకా పదిహేను రోజులుండినాయి.

పెళ్ళి తిరుత్తణిలో, కొండ కింద సత్రంలో జరిగింది. పెద్దమ్మ వెనక వైపు కట్టెల పొయ్యిల దగ్గర మూడొందల మందికి వండింది. తాళి కట్టే వేళ మేళం మోగుతుంటే నేను వెనక్కి పరిగెత్తాను. "రా పెద్దమ్మా, అక్షింతలేద్దువు గానీ" అన్నాను. ఆమె సాంబారు గుండిగలో గరిటె తిప్పుతూ, "వంటకొచ్చినోళ్ళు అక్షింతలేస్తారా? అడుగు అంటతాది, పో" అంది. పెళ్ళి ఫోటోలు నూటికి పైనే ఉన్నాయి. మేళగాళ్ళున్నారు, కారు డ్రైవరున్నాడు. ఆమె లేదు.

ఒకసారి ఆ మాట అన్నాక దాన్ని మోయాల్సి వచ్చింది. కొత్త కోడలు ఇంటికి వస్తే, వంటకొచ్చినామె ఆ ఇంట్లో ఎందుకుంటుంది? వదిన కాపరానికి వచ్చే రెండు రోజుల ముందు పెద్దమ్మ తన ఇనుప పెట్టె సర్దుకుంది. తిరువళ్ళూరులో రైల్వే స్టేషను దగ్గర ఒక మెస్సులో వంటకు కుదిరిందట. ఎప్పుడు పోయి కుదుర్చుకుందో మాకెవరికీ తెలియదు. అమ్మ ఏడ్చింది. అన్న బస్సు దాకా పెట్టె మోస్తానని చెయ్యి చాపాడు. "వద్దు నాయనా, ఆఫీసర్లు మోయకూడదు" అని ఆమె పెట్టె నెత్తికెత్తుకుంది.

ఇదంతా ఎందుకు చేశామో, ఆరేడేళ్ళ తర్వాత వదినకు ఎవరో చెప్పగా తెలిసింది. ఆమె అన్నం వడ్డిస్తూ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఇందుకా దాచిపెట్టినారు? మా నాయన ఆదివారమైతే యాడికి పోతాడనుకున్నారు మీరు?" అంది. ఆమె తండ్రి కూడా ప్రతి ఆదివారం ఎవరి చేతి దొన్నెనో తిన్నవాడే. అప్పుడైనా మేం పోయి పెద్దమ్మను తెచ్చుకుని ఉండొచ్చు. వదిన రెండు మూడుసార్లు అడిగింది కూడా. అన్న "చూద్దాం" అన్నాడు. నాకేమో టీచరు ఉద్యోగం, పిల్లలు, అత్తగారిల్లు అంటూ చెప్పుకోవడానికి సాకులు కావలసినన్ని ఉండినాయి.

నిజానికి అంతకుముందే నేనొకసారి తిరువళ్ళూరు పోయాను. ఈ సంగతి అన్నకు చెప్పలేదు. మెస్సు వెనక ఇరుకు వంటగది, గోడలన్నీ నూనె జిడ్డు. కంపెనీ షిఫ్టుల వాళ్ళకు టిఫిను అందించే వేళ. ఆమె చిక్కిపోయింది, జుట్టు తెల్లబడింది, పెనం ముందు నిలబడి దోసెలు తిప్పుతోంది. నేను గడపలో నిలబడి "పెద్దమ్మా" అన్నాను. వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ పెనం వైపు తిరిగింది. ఆ వాయి అయ్యేదాకా నన్ను నిలబెట్టింది. తర్వాత ఒక ఆకులో రెండు దోసెలు పెట్టి ఇచ్చింది. నేను తింటుంటే పక్కనే పీట వేసుకుని కూర్చుంది. అమ్మ ఎట్లుందని అడిగింది. అన్న సంగతి అడగలేదు.

"కోపమా పెద్దమ్మా?" అన్నాను.

"వాడి మీద లేదు. వాడు ముందునుంచీ పిరికోడే. ఆ పొద్దు ఆయన అడిగినప్పుడు నేను నీ నోటికల్లే చూసినా. నువ్వు చెప్తావనుకుంటి. దొన్నెలు కుట్టిన బిడ్డవు గదా, చెప్తావనుకుంటి."

నా చేతిలోని ముక్క నోటిదాకా పోలేదు.

"తిను. చేసింది పారేయబాకు" అంది. లేచి చెయ్యి తుడుచుకుంటూ, "ఇంకోతూరి వచ్చేపనైతే ఈడ పెద్దమ్మా అని పిలవబాకు. వీళ్ళకు నాకెవురూ లేరని చెప్పుండాను" అంది. గొంతు పెంచలేదు. షిఫ్టు పిల్లలెవరో ఇంకో దోసె అడిగితే పెనం దగ్గరికి పోయింది. నేను ఆకు తీసి పారేసి, చెప్పకుండానే వచ్చేశాను. మళ్ళీ పోలేదు. అన్నకు చెప్పి ఉంటే, ఆమె ఆ మాట నాతో ఎందుకు అందో కూడా చెప్పాల్సి వచ్చేది.

ఆమె పోయిన రోజు మెస్సు యజమాని ఎట్లాగో ఊరి చిరునామా పట్టుకుని కబురు పంపాడు. అన్న వచ్చి అన్నీ ఘనంగా చేశాడు. పళ్ళిపట్టులో గోడల మీద కన్నీటి అంజలి పోస్టర్లు కూడా అంటించాడు. ఫోటో ఉందా అని అడిగితే నా దగ్గరా లేదు, అమ్మ దగ్గరా లేదు. ముఖం ఉండాల్సిన చోట దీపం బొమ్మ వేయించాడు. దాని కింద, మా పెద్దమ్మ చెంగమ్మ అని తమిళంలో పెద్ద అక్షరాలు. బతికుండగా నలుగురి ముందు ఒక్కసారి అనని మాట గోడగోడకూ కనిపించింది. దాని కింద అన్న పేరు, ఆయన హోదా. ఆ అక్షరాలు ఇంకొంచెం పెద్దవి.

మళ్ళీ హోటల్లోకి వస్తే, హారిణి ఊరుకునే పిల్ల కాదు. "ఊర్లో ఎవురు చేసి పెట్టేవాళ్ళప్పా?" అని మళ్ళీ అడిగింది. అన్న మూతి తుడుచుకుంటూ, "ఊర్లో ఒక వంటామె ఉన్నింది" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత, ఎవరూ బెదిరించకుండా, అడిగింది సొంత కూతురైనా, ఆయన నోటికి ఆ మాటే వచ్చింది. నా మాటే ఆయన నోట్లోంచి విన్నాను. అప్పుడిక ఉండబట్టలేదు.

"వంటామె కాదు హారిణీ. మీ అవ్వకు సొంత అక్క. కల్లంగడి కాడ బోటి అమ్మి మీ నాయనను చదివిచ్చింది" అన్నాను.

"ఇప్పుడెందుకు అవన్నీ?" అన్నాడు అన్న, చుట్టూ చూస్తూ.

చుట్టూ ఎవరికీ మా గొడవ పట్టలేదు. హారిణి మాత్రం నిటారుగా కూర్చుంది. ఆమె కళ్ళలో నేను భయపడ్డది ఏదీ లేదు. చిన్నతనం అనుకోలేదు, సిగ్గుపడలేదు. మెరిసిపోయింది. "అయ్యో అత్తా! మన అవ్వ కల్లంగడి నడిపిందా? ఇంత సూపరైన కథ ఇన్నినాళ్ళూ చెప్పలేదే! ఉండు ఉండు, మళ్ళా చెప్పు, వీడియో తీస్తా" అని ఫోను ఎత్తింది. ఏ మాట బయటికి పొక్కితే పెళ్ళి చెడుతుందని మేమొక మనిషిని ఇంట్లోంచి పంపేశామో, ఆ మాట ఈ పిల్లకు నగలాగా ఉంది. తప్పు ఆమెది కాదు. కాలం మారింది, మంచికే మారింది. మారిన కాలంలో లాభం మాత్రం మళ్ళీ మాకే వచ్చింది.

నేను నోరు తెరిచే లోపల అన్న జుట్టు సవరించుకున్నాడు. ఫోను వైపు తిరిగి మొదలుపెట్టాడు. మా పెద్దమ్మ చెంగమ్మ అని, ఆమె చేతి రుచి అని, మిరియాలు రోట్లో దంచేదని, మొదటి గరిటె తనకోసం తీసిపెట్టేదని. అది ఆయనకు గుర్తుందని నాకప్పుడే తెలిసింది. గొంతు కొంచెం వణికింది కూడా. ఆ వణుకు దొంగది కాదు. కానీ చివర, "నా పెండ్లిలో ఆమె దగ్గరుండి అందరికీ తన చేత్తో వండి పెట్టింది" అన్నాడు. అక్షరం అబద్ధం లేదు అందులో.

హారిణి ఫోను నా వైపు తిప్పింది. "నువ్వూ ఒక మాట చెప్పత్తా."

"ఆమె ఎవురని అడిగితే, వంటకొచ్చినామె అని చెప్పింది నేనే" అన్నాను.

హారిణి ఫోను దించింది. నా ముఖమూ, తండ్రి ముఖమూ చూసింది. "ఆ ముక్క తీసేస్తాలే అత్తా, బాగుండదు" అని మెల్లగా అంది. సర్వరు వచ్చి తమిళంలో ఇంకేమైనా కావాలా అని అడిగాడు. ఏమీ వద్దన్నాం.

మర్నాడు సాయంత్రం అన్న ఫోను చేశాడు. గొంతులో హుషారు. "హారిణి పెట్టిన వీడియో చూసినావా సులోచనా? శానామంది చూస్తావుండారంట. ఊర్నించి గూడా ఫోన్లు చేస్తావుండారు. మీ వదిన ఏడ్చేసింది. పెద్దమ్మ ఉన్నింటే ఎంత సంతోషపడేదో!"

అప్పుడు తిరువళ్ళూరు సంగతి చెప్పాను. మెస్సు, పెనం, రెండు దోసెలు. పిరికోడు అన్నదీ చెప్పాను, నన్ను అన్నదీ చెప్పాను. నాకెవరూ లేరని చెప్పుండానన్న మాట ఆమె ఎట్లా అందో అట్లాగే చెప్పాను. "ఆమెకు మన మీద ప్రేమ పోయింది అన్నా. అది పోయినాక గూడా శానా ఏండ్లు బతికింది" అన్నాను.

అవతల టీవీ మోగుతుండేది, ఎవరో కట్టేశారు. "ఈ మాట అప్పుడే నాకెందుకు చెప్పలా?" అన్నాడు.

"చెప్పింటే పొయ్యి పిల్చుకోనొచ్చుండేవాడివా?"

వచ్చుండేవాడినని అబద్ధమైనా చెబుతాడేమోనని ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. తర్వాత పెట్టేశాడు.